బొడ్లో దోపుకున్న రహస్యం

ఊరెళ్ళేటప్పుడు వీధి తలుపుకి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కొచ్చి ఆ తాళాన్ని ఒకసారి లాగి చూడని ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా అని నాకు అనుమానం. గ్యాసు కట్టేశామా, పాలవాడికి చెప్పామా, పెరటి తలుపు గడియ పడిందా అని వంద ఆలోచనలు. చివరికి పక్కింటి పిన్నిగారికి నాలుగు జాగ్రత్తలు చెప్పి ఆటో ఎక్కుతాం. ఇల్లు భద్రం అనుకుంటాం.

నిజానికి ఆ ఇంట్లో ఇప్పుడు ఏం మిగిలింది చెప్పండి? బంగారం బ్యాంకు లాకర్లో ఉంది. డబ్బు ఫోన్లో ఉంది. పొలం కాగితాల ఫొటోలు, మా వారి షుగరు రిపోర్టులు, మనవరాలి పుట్టిన తేదీ, అల్లుడుగారి పాస్‌పోర్టు నకలు, అన్నీ ఆ అరచెయ్యంత పలకలోనే. అది మన చేతిసంచిలో, చక్రాలపూస డబ్బా పక్కన, మనతోటే రైలెక్కింది. దానికి తోడు పిల్లల ఆఫీసు లాప్‌టాప్ ఒకటి. 'సెలవే గాని, ఒక్క మెయిలు చూసుకోవాలమ్మా' అంటూ దాన్ని కూడా వెంట తెస్తారు. తాళం వేసింది ఖాళీ ఇంటికి; సొత్తంతా మన చంకలో ఉంది.

ఇలాంటి బెంగ మన పెద్దవాళ్ళకీ ఉండేది. మా అమ్మమ్మ తీర్థయాత్రకి బయల్దేరితే డబ్బు ఒక్కచోట పెట్టేది కాదు. కొంత బొడ్లో దోపుకునేది, కొంత తాతయ్య పంచె మడతలో, మిగతాది బొంత అంచులో కుట్టేసేది. ఎక్కడెంత ఉందో వాళ్ళిద్దరికీ తప్ప పిల్లలకైనా తెలీదు. ఆవిడేదో చాదస్తంకొద్దీ చేసేదని అప్పట్లో నవ్వుకునేవాళ్ళం. ఈమధ్య పాత ప్రయాణాల కథలు చదువుతుంటే, దేశదేశాల బ్యాంకులవాళ్ళూ మంత్రులూ బుర్రలు బద్దలుకొట్టుకుని కనిపెట్టిన ఉపాయం కూడా ఇంచుమించు ఇదేనని తెలిసింది. రహస్యాన్ని రెండు ముక్కలు చెయ్యాలి, రెండుచోట్ల పెట్టాలి. ఒక ముక్క దొంగకి దొరికినా వాడికి అది చిత్తుకాగితం కావాలి.

మొదట అశోకవనం సంగతి చూద్దాం. హనుమంతుడు వచ్చి, 'అమ్మా, నేను రాముడి బంటుని' అంటే సీతమ్మ చటుక్కున నమ్మేసిందా? లేదు. ఇది కూడా రావణుడి మాయేమోనని శంకించింది. రాముడి గుర్తులు చెప్పమంది. చెప్పాకనే ఉంగరం అందుకుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ ఏమిచ్చింది? చూడామణి ఒక్కటీ ఇచ్చి ఊరుకోలేదు. తనకీ రాముడికీ తప్ప మరొకరికి తెలియని కాకాసురుడి కథ కూడా చెప్పి పంపింది. చేతిలో ఒక వస్తువు, నోట్లో ఒక మాట. వస్తువుని దారిలో ఎవరైనా కొట్టెయ్యొచ్చు, మాటని కొట్టెయ్యలేరు. ఇవాళ బ్యాంకువాళ్ళు కార్డు ఇచ్చి, దానికో నంబరు ఇచ్చి, రెండూ ఉంటేనే డబ్బిస్తాం అంటున్నారే, సుందరకాండ చదివిన మనకి అందులో కొత్తేముంది?

శకుంతలకి ఆ రెండో ముక్క లేకపోయింది. ఉన్నది ఒక్క ఉంగరం. అది కాస్తా అత్తవారింటికి వెళ్ళేదారిలో శచీతీర్థంలో జారిపోయింది. నిండుసభలో ఆ పిల్ల పడ్డ అవమానం తల్చుకుంటే, ప్రయాణంలో గుర్తింపు పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలుస్తుంది.

అంతకంటె ఆశ్చర్యమైన ఉంగరం కథ విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో ఉంది. నందుల మంత్రి రాక్షసుడు పాటలీపుత్రం విడిచి వెళ్ళిపోతూ భార్యనీ కొడుకునీ చందనదాసుడనే రత్నాల వర్తకుడి ఇంట్లో దాచాడు. ముద్రాంగుళీయకం, అంటే ఆయన పేరు చెక్కిన ఉంగరం, భార్య చేతికుంది. దాంతో ముద్ర వేస్తే ఆ ఉత్తరం మంత్రిగారు స్వయంగా రాసినట్టే లెక్క. ఒకనాడు చాణక్యుడి గూఢచారి నిపుణకుడు యమపటం పట్టుకుని పాటలు పాడుతూ ఆ ఇంటి ముందుకొచ్చాడు. అయిదేళ్ళ పిల్లాడు, పాట వినబడితే ఆగుతాడా? గుమ్మం దాటి బయటికి పరుగెత్తాడు. లోపల ఆడవాళ్ళు గాభరా పడ్డారు. తల్లి తలుపు చాటునుంచే చెయ్యి చాచి పిల్లాణ్ణి లోపలికి లాక్కుంది. మగవాడి వేలికి చేయించిన ఉంగరం కదా, ఆవిడ వేలికి వదులు. జారి, గడప మీంచి దొర్లి, సరిగ్గా ఆ గూఢచారి కాళ్ళ దగ్గర ఆగింది.

ఆవిడ గమనించలేదు. గమనించే తీరిక ఆవిడకేది? పిల్లాడి మీదుంది ప్రాణం.

ఆ ఉంగరంతో చాణక్యుడు చేసిన పని చూడండి. రాక్షసుడి స్నేహితుడు శకటదాసుడి చేతే, వాడికి విషయం తెలియనివ్వకుండా, ఒక ఉత్తరం రాయించాడు. దానికి ఈ ముద్ర వేయించాడు. ఆ ఉత్తరం మలయకేతువు చేతికి చిక్కేలా చేశాడు. రాక్షసుడు ద్రోహి అని మలయకేతువు నమ్మేశాడు. సైన్యం చెదిరింది, పొత్తులు విరిగాయి, ఒక్క కత్తివేటు లేకుండా రాక్షసుడి ఆశలన్నీ కూలిపోయాయి. నాటకమే అనుకోండి. కాని దొంగకి ఉంగరంలో ఉన్న బంగారం అక్కర్లేదు, దాని ముద్రే కావాలన్న సంగతి అంత స్పష్టంగా చెప్పినవాడు మరొకడు లేడు. మన ఫోను కొట్టేసినవాడు దాన్ని అమ్ముకుంటే పోయేది పది, పదిహేను వేలు. దాన్ని ముద్రగా వాడితే మన పేరున ఎవరికి ఏ ఉత్తరం వెళుతుందో!

ఇక అసలు చాణక్యుడి పేరున ఉన్న అర్థశాస్త్రం సంగతి. ఈ గ్రంథం తాళపత్రాల్లో ఎన్నో శతాబ్దాలు మరుగునపడి ఉండి, మైసూరులో శ్యామశాస్త్రిగారి చేతికొచ్చి 1909లో అచ్చయింది. అందులో పరదేశానికి వెళ్ళే దూతకి చెప్పిన జాగ్రత్తలు చదివితే నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. పరదేశంలో మద్యం ముట్టొద్దు, స్త్రీల జోలికి పోవద్దు, ఒంటరిగా పడుకో అంటాడు. ఎందుకయ్యా అంటే, నిద్రలోనూ మత్తులోనూ మనసులో మాట బయటపడుతుందట! ఆఫీసు పనిమీద వెళ్ళేవాళ్ళకి ఈనాటి పెద్ద పెద్ద కంపెనీలు పేజీలకొద్దీ ఇచ్చే సూచనల్లో ఇంతకంటె గట్టిమాట నాకు కనబడలేదు. ఈ మాటని కాస్త గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పనుంది.

ఆడవాళ్ళకి ఈ విద్య అక్కర్లేదని పూర్వులు అనుకోలేదు సుమండీ. వాత్స్యాయనుడి గ్రంథం పేరెత్తితే మనం కొంగు అడ్డం పెట్టుకుంటాం గాని, అందులో స్త్రీలు నేర్వదగ్గవని చెప్పిన అరవైనాలుగు కళల్లో మ్లేచ్ఛితవికల్పం అని ఒకటుంది. అక్షరాలు తారుమారు చేసి, చూసినవాళ్ళకి అర్థం కాకుండా రాసే విద్య అది. ఈ కళలు తెలిసిన స్త్రీ భర్తకి దూరమై, కష్టంలోపడి, దేశాంతరంలో ఉన్నా సుఖంగా బతకగలదని కూడా ఆయనే అన్నాడు. వంటా కుట్టూ పాటా పక్కనే రహస్యలిపి! మన అమ్మాయిలకి పెళ్ళిచూపుల్లో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు పాపం.

కథలు పక్కన పెట్టి నిజంగా రోడ్డెక్కినవాళ్ళ దగ్గరికి వద్దాం. మన తెలుగువాళ్ళలో ఏనుగుల వీరాస్వామయ్యగారిని మించిన యాత్రికుడు ఎవరు? మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసునుంచి బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు. వంద మంది దాకా పరివారం, మేనాలు, డేరాలు. రైలు లేదు, తంతి లేదు. దారి పొడుగునా దొంగల భయం.

సరిగ్గా అదే రోజుల్లో, జబల్‌పూరు ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్న స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి థగ్గులని పట్టుకోవడం మొదలుపెట్టాడు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో వాళ్ళమీద ఒక నవలే రాసి పేరు తెచ్చుకున్నాడు. ఈ కథల్లో తెల్లదొరల అతిశయోక్తి చాలా ఉందని ఇప్పటి చరిత్రకారులు కొందరంటారు, అది నిజమే అయుండొచ్చు. కాని దొరికిన వాఙ్మూలాల్లో ఒక సంగతి మాత్రం పదే పదే కనిపిస్తుంది. వాళ్ళు చీకట్లో మీదపడే బాపతు కాదు. పగటిపూట నవ్వుతూ పలకరించేవాళ్ళు. 'బాబూ, ఎందాకా? మేమూ అటే. దొంగల భయం ఎక్కువగా ఉంది, కలిసి వెళదాం' అనేవాళ్ళు. రెండు రోజులు కలిసి వండుకు తిని, కష్టసుఖాలు చెప్పుకుని, ఎవరి దగ్గర ఎంతుందో, ఎవరు ఎక్కడ ఎదురుచూస్తున్నారో నెమ్మదిగా రాబట్టేవాళ్ళు. తర్వాత పని తేలిక.

రైల్లో ఎదుటి సీటావిడ ఇచ్చిన పులిహోర తినొద్దని నేను చెప్పడం లేదు. అయినా మనం ఎన్ని చెప్పేస్తామండీ! అమ్మాయి ఏ కంపెనీ, జీతమెంత, ఇంటికి ఎవరూ లేరని, ఆదివారందాకా తిరిగి రామని. అదీ చాలక కొండమీద దిగిన ఫొటో అప్పటికప్పుడు ఫేస్‌బుక్కులో. 'ఎంజాయింగ్ ఊటీ' అని రాస్తే, ఇంటి తలుపుకి 'ఎవరూ లేరు, దయచేయండి' అని బోర్డు కట్టినట్టేగా. ఆ ఫొటోలు ఇంటికొచ్చాక పెడితే ఊటీ ఏమీ కరిగిపోదు.

రొక్కం వెంట తీసుకెళ్ళే భయానికి మన షావుకార్లు కనిపెట్టిన మందు హుండీ. కాశీలో కావలసిన డబ్బుని ఇక్కడి కోఠీలో కట్టేస్తే ఒక చీటీ ఇస్తారు, అక్కడి కోఠీలో చూపిస్తే సొమ్మిస్తారు. అందులో రకాలున్నాయి. చూపించగానే ఇచ్చేది దర్శనీ హుండీ. పేరున్న పెద్దమనిషికి తప్ప ఇవ్వకూడనిది షాజోగ్ హుండీ. అది దొంగకి దొరికిందే అనుకోండి, వాడు ఏ పెద్దమనిషిని పట్టుకొస్తాడు? పోతే రెండో ప్రతి రాసిచ్చేవారు, దాన్ని పైంఠ్ అంటారు. అదీ పోతే మూడోది పర్‌పైంఠ్. పోవడం సహజమని ముందే ఒప్పుకుని దానికి తగ్గ ఏర్పాటు చేసుకున్న ఆ షావుకార్లంటే నాకు గౌరవం.

ఐరోపాలో ఈ తెలివి 1772లో రాబర్ట్ హెరీస్ అనే స్కాచ్ బ్యాంకరుకి తట్టింది. అప్పటి జమీందార్ల పిల్లలు చదువు పేరుతో ఫ్రాన్సూ ఇటలీ తిరిగేవాళ్ళు. వాళ్ళకోసం ఆయన చాలా నగరాల్లో చెల్లే సర్క్యులర్ నోట్లు పుట్టించాడు. నోటుతో పాటు బ్యాంకు ఇంకో కాగితం ఇచ్చే ఆచారం వచ్చింది. దాని పేరు గుర్తింపు లేఖ. అందులో యాత్రికుడి సంతకం ఉంటుంది. నోటు మీద బ్యాంకరు ఎదుట పెట్టిన సంతకం ఈ లేఖలో ఉన్నదానితో సరిపోతేనే డబ్బు. వాటికి ఒకటే షరతు: నోట్లూ లేఖా ఎప్పుడూ ఒకే సంచిలో పెట్టకూడదు. మా అమ్మమ్మ బొడ్డూ, తాతయ్య పంచె మడతా!

కాని మనుషులం కదా, రెండూ ఒకేచోట పెట్టుకోవడం సుఖం. ఏటీయం కార్డు వెనకాలే దాని నంబరు పెన్సిలుతో రాసుకునేవాళ్ళు మన చుట్టాల్లోనే ఎంతమంది లేరు! అంచేత రెండు ముక్కల్నీ ఒకే కాగితంమీద పెట్టినా దొంగకి పనికిరాని ఉపాయం కావలసొచ్చింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ అధ్యక్షుడు జె.సి. ఫార్గో ఐరోపా యాత్రకి వెళ్ళి, పెద్ద నగరాలు దాటాక తన దగ్గరున్న బ్యాంకు లేఖలకి డబ్బు పుట్టక చికాకుపడి తిరిగొచ్చాడు. నాలాంటివాడికే ఇంత కష్టమైతే మామూలు యాత్రికుడి గతేమిటని ఉద్యోగులమీద మండిపడ్డాడట. మార్సెలస్ ఫ్లెమింగ్ బెర్రీ అనే ఉద్యోగి 1891లో దానికి జవాబు తెచ్చాడు. చెక్కు కొన్నప్పుడు ఒక సంతకం, ఖర్చు పెట్టేటప్పుడు ఎదుటివాడు చూస్తుండగా రెండో సంతకం. రెండో ముక్క యాత్రికుడి వేళ్ళలో ఉంది, సంచిలో లేదు. పోయిన చెక్కుకి కంపెనీ డబ్బు తిరిగిచ్చేది, ఎందుకంటే పోయింది కాగితమే.

ఎల్.టి.సి. మీద కాశ్మీరమో కన్యాకుమారో వెళ్ళొచ్చిన తరానికి ట్రావెలర్స్ చెక్కులు బాగా తెలుసు. మన బ్యాంకులూ ఇచ్చేవి. పుస్తకంలా ఉండే ఆ చెక్కుల నంబర్లు వేరే కాగితం మీద రాసి అత్తగారికి ఇచ్చి వెళ్ళేవాళ్ళం.

డబ్బు సంగతి అలా ఉండగా, మాట సంగతి మరోరకం. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలైలో పావు అణాకి వచ్చింది. మొదట్లో చాలామంది పెద్దమనుషులకి ఇది నచ్చలేదు. దారిలో ప్రతివాడూ చదువుతాడే అని. పోస్టుమాను చదివి వినిపించి వెళ్ళిన కార్డులు మన పల్లెల్లో ఎన్నో. అంచేత ఏ మాట కార్డుమీద రాయాలి, ఏది కవర్లో పెట్టాలి అన్న విచక్షణ మన అమ్మలకి వెన్నతో పెట్టిన విద్య. 'క్షేమం' కార్డుమీద, అమ్మాయి నెల తప్పిన సంగతి కవర్లో.

హోటళ్ళలో ఊరికే ఇచ్చే వైఫై మొన్నమొన్నటిదాకా అచ్చంగా పోస్టుకార్డే. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి వచ్చి, పక్క టేబులువాడి ఫేస్‌బుక్కు ఖాతాలో ఎవరైనా ఎంత సులువుగా దూరిపోవచ్చో లోకానికి చూపించింది. ఆ దెబ్బతో కంపెనీలు మేలుకున్నాయి. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లు మాటల్ని కవర్లో పెట్టి అంటించే పంపుతున్నాయి. అంచేత హోటలు వైఫై పేరు చెబితేనే వణికిపోనక్కర్లేదు. ఇప్పటి ప్రమాదం కవరు చింపేవాడివల్ల కంటె, పోస్టుమాను వేషం వేసుకొచ్చేవాడివల్ల ఎక్కువ. 2014లో కాస్పర్‌స్కీ సంస్థ డార్క్‌హోటల్ అని పేరుపెట్టి ఒక ముఠా సంగతి బయటపెట్టింది. ఆసియాలోని ఖరీదైన హోటళ్ళలో దిగిన కంపెనీ అధికారులే వాళ్ళ గురి. అతిథి తన గది నంబరు, ఇంటిపేరు కొట్టి వైఫైలోకి వెళ్ళగానే, మీ కంప్యూటరులో ఫలానాది పాతబడింది, కొత్తది వేసుకోండి అని మర్యాదగా ఒక సందేశం. సరే అని నొక్కితే లోపలికి వచ్చేది వేగు. నిపుణకుడూ పాట పాడుతూనే వచ్చాడు కదా!

ఏటీయంకి నాలుగంకెల నంబరు ఎందుకొచ్చిందో తెలుసా? 1967 జూన్ 27న లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టిన యంత్రాన్ని తయారుచేసిన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగులో పుట్టినవాడు. ఆయన మొదట ఆరంకెలు పెడదామనుకున్నాడట. వంటింట్లో బల్లదగ్గర భార్య కారొలైన్‌ని అడిగితే, 'నాలుగైతేనే గుర్తుంటాయి' అందట. అంతే, లోకమంతా నాలుగు! ఇది ఆయనే చెప్పిన కథ. ఆడవాళ్ళ మాట చెల్లిన చోట్లు చరిత్రలో తక్కువ గనుక నేను దీన్ని వదలదల్చుకోలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మన సొమ్ము, మన సంగతులు. పోతే మనకే పోతుంది. కంపెనీ సంగతి అలా కాదు. నాకది అర్థమైంది మా మేనకోడలివల్ల.

ఆ పిల్ల ఒక రక్తపరీక్షల లాబులో లెక్కలు చూస్తుంది. రెండేళ్ళ క్రితం పిల్లల సెలవులకి బస్సులో కొండల ప్రాంతానికి వెళ్ళారు. నెలాఖరు, పని తెమలలేదు, లాప్‌టాప్ వెంట తెచ్చుకోమన్నారు ఆఫీసువాళ్ళు. టీ తాగడానికి దిగి పది నిమిషాల్లో ఎక్కేసరికి సంచీ లేదు. పోలీసు కంప్లైంటు ఇచ్చి, ప్రయాణం మధ్యలో మానుకుని ఇంటికొచ్చేశారు. నేను చూడ్డానికి వెళితే అన్నం తినకుండా కూచునుంది. 'పోతే పోయిందే, యంత్రమేగా, కంపెనీ కొనుక్కుంటుంది' అన్నాను.

'యంత్రం గురించి కాదత్తా. అందులో మూడువేలమంది రిపోర్టులున్నాయి. పేర్లతో, ఫోను నంబర్లతో సహా. ఒకావిడ నాకు బాగా గుర్తు. ఫలితం ఇంటికి పంపొద్దని, నేనే వచ్చి తీసుకుంటానని నా చేతులు పట్టుకుని చెప్పింది. అత్తగారింట్లో ఎవరికీ తెలీదట.'

నాకు నోట మాట రాలేదు. ఆ మూడువేలమందిలో ఒక్కరూ ఆ బస్సెక్కలేదు. వాళ్ళెవరూ సెలవు పెట్టలేదు. వాళ్ళకి తెలియకుండానే వాళ్ళ రక్తం సంగతి వెళ్ళి కొండదారిలో టీ కొట్టు దగ్గర మాయమైంది. యంత్రానికి పాస్‌వర్డ్ ఉందిట గాని లోపలి డిస్కుకి సంకేతలిపి రక్షణ పెట్టలేదట. అంటే పెట్టెకి తాళం ఉంది, కాని పెట్టె వెనకవైపు చెక్క లేదన్నమాట. డిస్కు ఊడదీసి ఇంకో యంత్రానికి తగిలిస్తే అన్నీ చదువుకోవచ్చు. ఆ సంచీ ఇప్పటికీ దొరకలేదు. ఆ పిల్ల ఉద్యోగం పోలేదు గాని, ఎక్కడైనా కొత్త నంబరునుంచి ఫోనొస్తే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

దీనికి జోడీ జపానులో జరిగింది. 2022 జూన్‌లో అమగసాకి నగరపాలక సంస్థ పని చేస్తున్న ఒక కాంట్రాక్టు ఉద్యోగి, ఊళ్ళో ఉన్న నాలుగు లక్షల అరవైవేల మంది వివరాలూ రెండు చిన్న యూఎస్‌బీ పుల్లల్లో వేసుకుని పక్క ఊరు వెళ్ళాడు. పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, పన్నుల వివరాలు, కొందరి బ్యాంకు ఖాతాలు కూడా. పని అయ్యాక తోటివాళ్ళతో కలిసి తాగాడు. దారిలో రోడ్డుపక్కనే నిద్రపోయాడు. లేచేసరికి సంచీ లేదు. మత్తూ నిద్రా రెండూ! కౌటిల్యుడి మాట గుర్తుంచుకోమన్నాను, చూశారా. మూడు రోజుల తర్వాత సంచీ దొరికింది. దొరక్కపోయినా ఊరు మునిగేది కాదు, ఎందుకంటే ఆ పుల్లల్లో ఉన్నదంతా సంకేతలిపిలో ఉంది, పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదు. బెర్రీగారి రెండో సంతకమన్నమాట. అయితే విలేఖరుల సమావేశంలో నగర అధికారి ఒకాయన, పాస్‌వర్డ్ చాలా గట్టిదండీ, పదమూడు అక్షరాలది అని ఉత్సాహంగా చెప్పేశాడు. వెంటనే జనం వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఊరి పేరు ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, సంవత్సరం నాలుగు అంకెలు, మొత్తం పదమూడు!

హోటళ్ళవాళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పాలి. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా కౌంటరు దగ్గర కాగితాలు ఇవ్వక తప్పదు. మారియట్ వాళ్ళు కొనుక్కున్న స్టార్‌వుడ్ హోటళ్ళ రిజర్వేషను పుస్తకంలో 2014 నుంచీ దొంగలు కాపురం ఉన్నారని 2018 నవంబరులో బయటపడింది. ముప్ఫై ఎనిమిది కోట్ల దాకా అతిథుల రికార్డులు, అందులో యాభై లక్షలకు పైగా పాస్‌పోర్టు నంబర్లు సంకేతలిపి లేకుండా ఉన్నవి ఉన్నవిగానే ఉన్నాయట. మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో చట్టం కూడా వచ్చింది. అయినా చిన్న ఊళ్ళో లాడ్జి కుర్రాడు 'ఆధార్ వాట్సాప్ చెయ్యండి మేడం' అంటే మనం మారుమాట లేకుండా పంపేస్తాం. మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా, చివరి నాలుగే చూపే మాస్క్‌డ్ ఆధార్ ఉంది. దాన్ని దించుకుని ఉంచుకుంటే సరి. నేను అదే ఇస్తున్నాను. ఒకచోట ఒప్పుకోనంటే, ఆ నకలు మీద ఏ హోటలుకి, ఏ తేదీన ఇచ్చానో అడ్డంగా రాసి ఇచ్చాను. కుర్రాడు నన్నదోలా చూశాడు. చూడనీండి.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. ఆఫీసు లాప్‌టాప్ విహారయాత్రకి రాదు. తప్పనిసరైతే డిస్కుకి సంకేతలిపి పెట్టించాకనే వస్తుంది, ఆఫీసు ఫైళ్ళు ఆ వారానికి ఎన్ని కావాలో అన్నే అందులో ఉంటాయి. ఫోనుకి తాళం ఉన్నా, తాళం తియ్యకుండానే పైన ఓటీపీ కనబడుతుంది చాలామందికి; అది కనబడకుండా చేయించాను. ఇంకోటి, దొంగ మన సిమ్ తీసి తన ఫోన్లో వేసుకుంటే ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. అందుకని సిమ్‌కి కూడా ఒక నంబరు పెట్టుకునే వీలుంది, మూడుసార్లు తప్పు కొడితే బిగుసుకుపోతుంది. మనమూ మర్చిపోకూడదు మరి! ఫోనులో స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కితే వచ్చే పదిహేనంకెల నంబరుని కాగితం మీద రాసి దేవుడి గదిలో పెట్టి వెళుతున్నాను. ఫోను పోతే, పోలీసు కంప్లైంటుతో పాటు ఆ నంబరు సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్లో ఇచ్చి దాన్ని మొద్దుబారేలా చెయ్యొచ్చు. 2023 మే నుంచి దేశమంతటా ఈ వీలుంది. డబ్బు కాజేస్తే 1930కి ఫోను. పాత చెక్కుల నంబర్లు అత్తగారికి ఇచ్చి వెళ్ళిన చెయ్యే కదా ఇది, అలవాటు తప్పలేదు.

అన్నట్టు, వీరాస్వామయ్యగారిని దారిలోనే వదిలేశాను. ఆయన అన్ని నెలల ప్రయాణంలోనూ చూసిందల్లా రాశారు. ఊళ్ళు, సత్రాలు, ధరలు, నదులు, ఆచారాలు. ఆ రాతలన్నీ మూటగట్టి వెంట తిప్పుకోలేదు. ఎప్పటికప్పుడు మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి ఉత్తరాలుగా పంపేవారు. వీరాస్వామయ్యగారు 1836లో పోయారు. పిళ్ళెగారు ఆ కాగితాలు భద్రంగా ఉంచి 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. వందేళ్ళ తర్వాత, 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దాన్ని మళ్ళీ వెలికితీసి ముద్రించారు. మా ఇంట్లో ఉన్నది దాని తర్వాతి అచ్చు. కిందటి నెల ప్రయాణంలో చేతిసంచీ మెడకి తగిలించుకుని, ఆ పుస్తకాన్ని మాత్రం రైలు సీటు మీద అలాగే వదిలేసి, నిశ్చింతగా కాఫీకి దిగాను.